37-38 దగ్గర కిక్ ఎందుకు కొట్టలేదు?

2023 డిసెంబర్ 15న వర్జీనియాలోని సేలంలో జరిగిన డివిజన్ 3 (మూడో శ్రేణి) కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ వీడియో చూస్తూ ఒకచోట ఆగిపోయాను. న్యూయార్క్ రాష్ట్రంలోని కోర్ట్‌లాండ్ 38-37తో నార్త్ సెంట్రల్‌ని ఓడించి మొదటిసారి కప్పు కొట్టింది.

ఇంకా 1 నిమిషం 20 సెకన్లు ఉండగా నార్త్ సెంట్రల్ టచ్‌డౌన్ చేసి (బంతిని అవతలి జట్టు గోల్ గీత దాటించి) 37కి చేరింది. టచ్‌డౌన్ తర్వాత దొరికే ఒక పాయింటు కిక్ కొడితే స్కోరు సమం, ఓవర్‌టైమ్. వాళ్లేమో కిక్ బదులు 3 గజాల గీత దగ్గర్నుంచి బంతిని మళ్లీ గోల్ గీత దాటించి రెండు పాయింట్లు కొట్టాలని వెళ్లి దెబ్బతిన్నారు. డిఫెండింగ్ చాంపియన్లకి అంత తొందరేంటో! ఆ ముక్క నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాను, రూల్స్ కూడా చదివాను. రూల్ అర్థమైంది, లెక్కే అర్థం కాలేదు.

ఇలాంటప్పుడు కోచ్‌లు మామూలుగా దేన్ని చూసి కిక్ వద్దనుకుంటారు?