లెడ్ జెప్లిన్ మెంఫిస్ మిన్నీకి న్యాయం చేసినట్టేనా?

ఏటిగట్టు:
1927లో అమెరికాలో వచ్చిన మిసిసిపీ నది వరద మీద 1929లో బ్లూస్ (నల్లజాతి అమెరికన్ల సంగీతం) గాయని మెంఫిస్ మిన్నీ, ఆమె భర్త కాన్సస్ జో మెకాయ్ రికార్డు చేసిన పాట 'వెన్ ద లెవీ బ్రేక్స్' (గట్టు తెగితే అని అర్థం). 1971లో బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెప్లిన్ దాన్ని తమ పద్ధతిలో మళ్లీ చేసింది. రచయితలుగా తమ నలుగురితో పాటు మిన్నీ పేరూ వేసింది. వాళ్లదే ఇంకో పాట 'హోల్ లాటా లవ్' విషయంలో, అది తన పాట నుంచి తీసుకున్నదేనని బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ 1985లో కోర్టుకెక్కాల్సి వచ్చింది. ఇక్కడ ఆ గొడవే రాలేదు. ఈ ఒక్క పాటకైనా వాళ్లను తప్పుపట్టకూడదంటాను.

మాధవి_బ్లూస్:
ఐదుగురిలో ఒకరిగానా? 1897లో పుట్టి, చిన్న వయసులోనే ఇల్లు వదిలి మెంఫిస్ నగరంలోని బీల్ స్ట్రీట్‌లో గిటార్ వాయించి బతికిన మనిషి ఆమె. సుమారు రెండు వందల పాటలు రికార్డు చేసింది. బ్లూస్‌లో ఎలక్ట్రిక్ గిటార్ పట్టిన తొలివాళ్లలో ఒకరు. ఆమె వాయిద్యం గురించి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ 1943లో షికాగో డిఫెండర్ పత్రికలో రాశాడు. జెప్లిన్ పాట వచ్చేనాటికి పక్షవాతంతో ఉంది, 1973లో పోయింది. సమాధికి రాయి 1996లో, అదీ గాయని బానీ రెయిట్ డబ్బిస్తే పెట్టారు. తప్పుపట్టకూడదని ఎలా అంటారండీ?

పాతరికార్డు:
ఆ రికార్డులో పాడింది జో. మిన్నీది గిటార్. జెప్లిన్ వాళ్లు జో పేరే వేయలేదు. ముందు దీనికి జవాబు చెప్పండి.

డ్రమ్స్‌పిచ్చి:
జెప్లిన్ వాళ్లు ఆ పాటకి ఇంగ్లండ్‌లోని హెడ్లీ గ్రాంజ్ అనే పాత భవనం హాల్లో, మెట్ల దిగువన డ్రమ్స్ పెట్టి రికార్డు చేశారు. ఆ మోత ఇంకెక్కడా వినలేదు నేను.

ఏటిగట్టు:
మాధవి గారూ, సమాధి రాయికీ జెప్లిన్‌కీ సంబంధమేంటి? మిన్నీ పేరు నాకు తెలిసిందే ఆ ఆల్బమ్‌లో పాటల వివరాలు చదివి.

మాధవి_బ్లూస్:
సంబంధం నాకు తెలుసు. మా నాన్న కట్టిన పాటను ఒక క్యాసెట్ కంపెనీ వేసింది. కవి పేరుండాల్సిన చోట 'జానపదం' అని అచ్చేసింది. ఊరూరా ఆ పాట మోగుతుంటే ఆయన పక్కకెళ్లి కూర్చునేవాడు. మీలాంటి ఒకాయన అప్పుడు "పాట జనంలోకి వెళ్లింది కదా, సంతోషించండి" అన్నాడు.

ఏటిగట్టు:
మీ ఇంటి కోపం నా మీద చూపిస్తే ఎలా? వరద పాట ఒక్కరి సొత్తు ఎలా అవుతుంది? గట్టు తెగితే మునిగింది వేలమంది. ఆ బాధ వాళ్లందరిదీ. పదిమందికీ వినిపించినవాళ్లకూ అందులో హక్కుంటుంది.

మాధవి_బ్లూస్:
అదీ అసలు మాట. పాట అందరిదీ అంటారు, డబ్బు దగ్గరికొచ్చేసరికి మాత్రం నాలుగు పేర్లు ముందుంటాయి. మునిగిన వేలమందిలో ఒక్కరికైనా వాటా పెట్టారా?

పాతరికార్డు:
జోకి కూడా పెట్టలేదు. గాయని పెగ్గీ లీ పాడిన 'వై డోంట్ యూ డు రైట్' రాసింది ఆయనే. 1950లో పోయాడు, అడిగేవాడు లేడు.

మాధవి_బ్లూస్:
జో పేరు వేయాల్సిందే, కాదనను. కానీ 1941లో 'మీ అండ్ మై షోఫర్ బ్లూస్' మిన్నీ పాడింది, వాయించింది. రచయితగా నమోదైంది అప్పటి భర్త ఎర్నెస్ట్ లాలర్స్. దాని మీద కూడా ఇంత పట్టుగా అడగండి.

పాతరికార్డు:
ముందు జో సంగతి తేలాలి.