20,000 కిలోమీటర్ల కారు సర్వీసింగ్‌కి 11,460 రూపాయల బిల్లు! ఇందులో నిజంగా అవసరమైనవి ఎన్ని?

లంక మాస్టారు (రాజోలు):
రెండేళ్ల కిందట చిన్న పెట్రోల్ కారు కొన్నానండి. రోజూ బడికి, ఆదివారం చించినాడ వంతెన దాటి పాలకొల్లులో మా అమ్మాయి ఇంటికి. అంతే దాని తిరుగుడు. మొన్న 20,000 సర్వీసింగ్‌కి షోరూంలో ఇచ్చాను. పొద్దున రాసిచ్చిన అంచనా 4,500. పదకొండింటికి షోరూం సర్వీస్ అడ్వైజరు ఫోన్ చేశాడు. నేనేమో తొమ్మిదో తరగతి లెక్కల క్లాసులో ఉన్నాను. "ఇంజిన్‌లో మసి పట్టేసింది సార్, డీకార్బనైజ్ చేయకపోతే మైలేజీ పడిపోద్ది" అన్నాడు. ఇటు పిల్లల గోల. "సరే బాబూ, కావాల్సింది చెయ్యి" అనేశాను.

సాయంత్రం బిల్లు 11,460. డీకార్బనైజేషన్‌కి 2,100, ఇంజెక్టర్ క్లీనర్‌కి 450, ఏసీ ట్రీట్‌మెంట్‌కి 1,350, అండర్‌బాడీ కోటింగ్‌కి (బండి అడుగున తుప్పు పట్టకుండా వేసే పూత) 3,060. మైలేజీ ఎప్పుడూ తగ్గింది లేదు, ఏసీకి ఏ రోగమూ లేదు. ఇంటికొచ్చి వంగి చూస్తే కోటింగ్ చక్రాల పక్కన మాత్రమే నల్లగా ఉంది, మధ్యలో పాత రంగే!

పోయిన డబ్బు సంగతి అలా ఉంచండి. వచ్చేసారి ఇవన్నీ వద్దంటే వారంటీ పోతుందా? అదే నా టెన్షన్. పైగా ఆ అడ్వైజరు కుర్రాడు నా పాత శిష్యుడి తమ్ముడు. గట్టిగా అడగాలంటే మొహమాటం.

మాజీ అడ్వైజర్ (తణుకు):
మాస్టారూ, నేను ఆరేళ్లు అదే సీట్లో కూర్చున్నాను, వేరే షోరూంలో లెండి. మా నెల టార్గెట్ నిండేది ఈ 'ట్రీట్‌మెంట్‌'లతోనే. 25వ తేదీ దాటాక వచ్చిన బండిని అసలు వదలం.

కారుతో ఇచ్చిన మాన్యువల్ తీయండి. కిలోమీటర్ల వారీగా పట్టిక ఉంటుంది. అందులో ఉన్నవి టైముకి చేయించి బిల్లులు దాచుకోండి, పట్టికలో లేనివి వద్దన్నంత మాత్రాన వారంటీ పోదు. మీది పోర్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ అయితే పెట్రోలు ఇన్‌టేక్ వాల్వుల (ఇంజిన్‌లోకి గాలిని వదిలే మూతలు) వెనక పడి మసిని కడుగుతూనే ఉంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ బళ్లలో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే పడుతుంది కాబట్టి ఆ కడుగుడు ఉండదు, మసి బాధ వాటికి ఎక్కువ.

ఒకటి గమనించారా? చాలా కంపెనీలు రెండేళ్లకి బ్రేక్ ఆయిల్ మార్చమంటాయి. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది, మన కోనసీమలో తేమకి కరువా! మీ బిల్లులో చెప్పినవాటిలో అది లేదు. పట్టికలో చూడండి.

ఇకపై జాబ్ కార్డు (బండికి చేయాల్సిన పనులు రాసే కాగితం) మీద సంతకం పెట్టేముందు "అదనపు పనులకి వాట్సాప్‌లో ఒప్పుకుంటేనే" అని మీ పెన్నుతో రాయండి.

రొయ్యల చెరువు (మొగల్తూరు):
అండర్‌బాడీని మాత్రం మిగతావాటితో ఒకే గాటన కట్టకండి. మా వైపు ఉప్పు గాలి, ఉప్పునీళ్లు కారే రోడ్లు. నా పాత బండి అడుగు ఆరేళ్లకి అప్పడంలా విరిగింది. అయితే బురద కడిగి, బాగా ఆరాక వేయాలి. తడి మీద పూస్తే నీరు లోపలే చిక్కుకుని తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. బండిని లిఫ్ట్ ఎక్కించి చూపించమనండి. మాట వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

కోతల కాలం:
ఎలకల స్ప్రే అంటగట్టలేదా మాస్టారూ? నాకు 900. కొట్టించిన వారానికే వైరు కొరికేసింది. ఆ వాసన దానికి నచ్చినట్టుంది, ఆయ్.

లంక మాస్టారు:
ఇవాళ వెళ్లొచ్చాను. లిఫ్ట్ ఎక్కించమంటే కాసేపు గునిశారు. పైకెత్తాక మేనేజరే చూసి, కడిగి మళ్లీ వేయిస్తామన్నారు, డబ్బు వెనక్కివ్వడం మాత్రం కుదరదట. బ్రేక్ ఆయిల్ మాన్యువల్లో ఉంది, రెండేళ్లకే. చూపిస్తే మన కుర్రాడు "అవును సార్, మార్చాలి" అంటూ కొత్త అంచనా కాగితం తీశాడు. ఇవాళ సెలవు పెట్టే వెళ్లాను కాబట్టి స్టూలు లాక్కుని బండి పక్కనే కూర్చున్నాను.