లఖ్‌పత్, కోటేశ్వర్ ఒక్క రోజులో అవుతాయా?

గుజరాత్‌లోని కచ్ఛ్ వెళ్తున్నాం: బెంగళూరు నుంచి గాంధీధామ్ దాకా రైలు, అక్కడి నుంచి భుజ్‌కి కారు. డిసెంబర్‌లో నలుగురం, ఇద్దరు పెద్దవాళ్లు. భుజ్–లఖ్‌పత్–నారాయణ సరోవర్–కోటేశ్వర్, మళ్లీ భుజ్: రానూపోనూ 300 కిలోమీటర్ల పైమాటే. 1819 భూకంపం సింధు నీటిని మళ్లించాక వెలవెలబోయిన రేవు లఖ్‌పత్; 7 కిలోమీటర్ల కోటగోడ ఊరికే చూసి వచ్చేసేది కాదు.

కచ్ఛ్ వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి: గోడెక్కి రణ్ (ఉప్పు ఎడారి) వైపు ఫోటోలు తీస్తే బీఎస్ఎఫ్ (సరిహద్దు భద్రతా దళం) వాళ్లు అభ్యంతరపెడతారా? ఆధార్ ఒరిజినలే చూపాలా? ధోర్డో తెల్ల రణ్‌కి పర్మిట్ ఎలాగూ తీసుకుంటాం, అది ఇక్కడ పనికిరాదు కదా? దారిలో మాతానోమఢ్ ఊరు దాటాక పెట్రోల్ బంకు నమ్ముకోవచ్చా? నారాయణ సరోవర్ ధర్మశాలలో ముందుగా చెప్పకుండా వెళ్తే గది దొరుకుతుందా? దొరికేట్టయితే రాత్రి అక్కడే ఆగిపోతాం, చీకట్లో ఆ రోడ్డు మీద పశువులతో తంటా ఎందుకు?