తెలుగు వార్తాలేఖలో వరుసలు ఒకదానికొకటి తగులుతున్నాయి

ప్రశ్న:
విశాఖపట్నంలో గ్రాఫిక్ డిజైన్ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఏ4 పరిమాణంలో ఆరు పేజీల వార్తాలేఖను, ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి మ్యూజియం ముఖ్యాంశంగా, మూడు కాలమ్‌లలో రూపొందిస్తున్నాను. ఆంగ్ల పాఠానికి సరిపోయిన 10 పాయింట్ల అక్షరం, 12 పాయింట్ల లీడింగ్ (ఒక వరుస నుంచి తర్వాతి వరుసకు ఉండే దూరం) తెలుగుకు ఇరుకవుతున్నాయి. దయచేసి సలహా ఇవ్వగలరు.

మొదటి జవాబు:
తెలుగులో గుడి, ఏత్వం వంటి గుర్తులు అక్షరం పైన, ఒత్తులు ఎక్కువగా కింద చేరతాయి కనుక ఆంగ్లానికి చాలిన ఎడం ఇక్కడ చాలదు. లీడింగును 15 లేదా 16 పాయింట్లకు పెంచి, ‘స్త్రీ’, ‘రాష్ట్రీయ’ వంటి మాటలున్న పేరాను కాగితంపై అచ్చు తీసి చూడండి, తెరను నమ్మవద్దు. మన మాటలు పొడవైనవి కాబట్టి రెండు కాలమ్‌లే తీసుకుని, ఎడమ అంచును మాత్రమే సమం చేస్తే మాటల మధ్య తెల్లని ఖాళీలు పడవు. పాఠానికి మండలి, శీర్షికలకు రామభద్ర ఫాంటు నాకు నచ్చిన జోడీ.

రెండవ జవాబు:
పై మాటతో ఏకీభవిస్తాను. అయితే మధ్యలో పిన్ను కొట్టే ప్రతికి పేజీల సంఖ్య నాలుగుకు గుణిజంగా ఉండాలి కనుక ఆరు కుదరదు, ఎనిమిది చేయండి. అప్పుడు 4, 5 పేజీలు ఒకే కాగితంపై వస్తాయి. 91 మీటర్ల ఆ జలాంతర్గామి ఫోటోను అక్కడ అడ్డంగా పరిస్తే నడుమ తెగదు. ఫోటోలు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు), బ్లీడ్ (కత్తిరింపు కోసం పేజీ అంచు దాటి వదిలే భాగం) 3 మిల్లీమీటర్లు ఉంచండి. ఇన్‌డిజైన్‌లో (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) ఒత్తులు విడిపోతే, అందులో భారతీయ లిపులను సరిగా కూర్చే వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. లీడింగ్ 16కు మార్చగానే వరుసలు విడివడ్డాయి, కానీ వ్యాసం ఒక పేజీ పెరిగింది. ఎనిమిది పేజీలు ఎలాగూ తప్పవు.