కాన్‌కూన్ రిసార్ట్ నుంచి ఒక్క రోజులో చిచెన్ ఇట్జా చూసి రావచ్చా?

ప్రశ్న: డిసెంబరు సెలవులకి డాలస్ నుంచి మెక్సికోలోని కాన్‌కూన్ వెళ్తున్నాం, అమ్మానాన్నలు కూడా వస్తున్నారు. పాత మాయా నాగరికత శిథిలాలు చూడాలని నాన్నకి ఎప్పటినుంచో కోరిక. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఆ శిథిలాలున్న చిచెన్ ఇట్జాకి వెళ్ళాలా, అలాంటివే ఉన్న తులుమ్‌తో సరిపెట్టుకోవాలా? టూర్ బస్సు మంచిదేనా?

జవాబు: నాన్నగారికి అంత కోరికుంటే చిచెన్ ఇట్జాకే వెళ్ళండి. దాదాపు 200 కిలోమీటర్లు, టోల్ రోడ్డు మీద రెండున్నర గంటలు. టూర్ బస్సు మాత్రం వద్దండి, హోటల్ హోటల్‌కీ ఆగి జనాన్ని ఎక్కించుకుని, దారిలో షాపింగ్‌కి ఆపి, సరిగ్గా ఎండ మండే వేళకి దింపుతారు, లోపలేమో నీడ తక్కువ. డ్రైవర్‌తో వ్యాన్ మాట్లాడుకోండి. గేటు 8 గంటలకి తీస్తారు, అదీ చిచెన్ ఇట్జా ఉన్న యుకాటన్ రాష్ట్రం టైము ప్రకారం, అంటే కాన్‌కూన్ కంటే గంట వెనక. ఉదయం 6కి బయల్దేరితే అక్కడ ఏడున్నరకల్లా గేటు దగ్గరుంటారు. ఈ గంట కలిసి రావడమే అన్నిటికన్నా ముఖ్యం, పెద్దవాళ్ళు చల్లపూట హాయిగా తిరగొచ్చు. ఆదివారం మెక్సికో వాళ్ళకి ప్రవేశం ఉచితం కాబట్టి రద్దీ ఎక్కువ, వేరే రోజు పెట్టుకోండి.

మోకాళ్ళ గురించి టెన్షన్ వద్దు. పెద్ద పిరమిడ్ ఎవరినీ ఎక్కనివ్వరు, నేల కూడా దాదాపు చదునే. పిరమిడ్‌కి నాలుగు వైపులా, ఒక్కో వైపు 91 మెట్లు, పైన ఇంకొకటి, మొత్తం 365, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. ఎదురుగా నిలబడి చప్పట్లు కొడితే పక్షి కూసినట్టు ప్రతిధ్వని వస్తుంది, నాన్నగారితో తప్పకుండా కొట్టించండి. మాయా వాళ్ళ బంతాట మైదానం కూడా వదలొద్దు, 168 మీటర్ల పొడవు.

ప్రశ్న: చాలా థాంక్సండి. సెనోటేలో, అంటే అక్కడి సున్నపురాతి నేల కుంగి ఏర్పడిన నీటి గుంటలో, పిల్లలు ఈదొచ్చా? మేం శాకాహారులం, తిండి ఎలా?

జవాబు: ఇక్ కిల్ సెనోటే పక్కనే ఉంది. నీళ్ళ దాకా చాలా మెట్లు దిగాలి, అమ్మగారు పైనుంచే చూడొచ్చు. సన్‌స్క్రీన్ రాసుకుని దిగనివ్వరు, ముందు స్నానం చేయాలి. తిండికి పులిహోర పట్టుకెళ్ళడమే నయం, అక్కడ చిక్కుడు గింజల్లో కూడా పంది కొవ్వు వేసే అలవాటుంది, కొనేముందు అడగండి. టికెట్టుకి రెండు చోట్ల కట్టాల్సి రావచ్చు, పెసోలు (మెక్సికో డబ్బు) దగ్గరుంచుకోండి.

మరొకరి జవాబు: అమ్మగారు వ్యాన్‌లో అంతసేపు కూర్చోలేకపోతే తులుమ్ కూడా తక్కువేం కాదండి. సముద్రం ఒడ్డున కొండ అంచు మీద ఉంటుంది, దారి కూడా చిన్నది, రెండు గంటల లోపే. భోజనం వేళకి రిసార్ట్‌లో ఉంటారు.