మాంగనీసు రాయి మీద యాసిడ్ పోస్తే క్లోరిన్ వస్తుందా? ఈ ప్రశ్నకి జవాబు చెప్పాలా, వద్దా?

ఇంటర్ విద్యార్థి, చీపురుపల్లి:
మా తాతయ్య మాంగనీసు గనిలో పనిచేసేవారు. ఆయన తెచ్చిన నల్లరాయి ఇంట్లో ఉంది. అలాంటి రాయిలో ఉండే మాంగనీస్ డయాక్సైడ్‌ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో వేడిచేస్తే క్లోరిన్ వస్తుందని పుస్తకంలో ఉంది. ఈ రాయి మీద బాత్రూమ్ యాసిడ్ పోసినా వస్తుందా? కాలేజీలో అడిగితే "పరీక్షకి రాదు, కూర్చో" అన్నారు.

శ్రీకాకుళం వాసి:
దయచేసి ఎవరూ జవాబు రాయకండి. మా అమ్మ బాత్రూమ్ కడుగుతూ బ్లీచింగ్ పౌడర్ చల్లిన చోటే యాసిడ్ పోసింది. తలుపు వేసి ఉంది. వారం దాకా దగ్గు తగ్గలేదు. అప్పుడు వచ్చిందీ క్లోరినే. ‘వస్తుంది’ అని చెబితే ఈ పిల్లాడు రేపే పోసి చూస్తాడు.

కెమిస్ట్రీ టీచరు, విజయనగరం:
అమ్మగారి సంగతి చదివి బాధేసింది. కానీ ఆ రెండూ కలపకూడదని ఆవిడకి ముందే ఎవరైనా చెప్పి ఉంటే? 1892 నుంచి మాంగనీసు తవ్విన ప్రాంతం మనది. ఇక్కడి పిల్లాడు ఇంట్లో రాయి చూసి ఈ ప్రశ్న అడగకపోతేనే నేను దిగులుపడతాను.

బాబూ, వస్తుంది. 1774లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త క్లోరిన్ తయారుచేసింది ఈ రెండింటితోనే. కాబట్టే ఇంట్లో వద్దు. అది గాలికన్నా రెండున్నర రెట్లు బరువు, నేల దగ్గరే నిలిచిపోతుంది. ఊపిరితిత్తుల్లోని తడికి తగిలి అక్కడే ఆమ్లమవుతుంది. యాసిడ్ పలచనైతే గ్యాస్ తక్కువ రావచ్చు, ఎంత వస్తుందో మాత్రం నీ చేతిలో ఉండదు.

రాయి పొడిని గాయాలు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో చిటికెడు వెయ్యి. కళ్లజోడు పెట్టుకుని, ఆరుబయట, పెద్దవాళ్ల ముందు. వచ్చేవి ఆక్సిజన్ బుడగలు. వాటి పైన, మంట ఆర్పి నిప్పు మాత్రం మిగిల్చిన అగరుబత్తి పెట్టి చూడు.

శ్రీకాకుళం వాసి:
మేడమ్, అడిగినవాడు ఒక్కడే, చదివేవాళ్లు ఎందరో. ‘వస్తుంది’ దగ్గరే ఆగిపోయేవాళ్లుంటారు. ‘ఇంట్లో వద్దు’ అన్నది మొదటి మాటగా ఉండాల్సింది.

కెమిస్ట్రీ టీచరు:
అది నా పొరపాటే, ఒప్పుకుంటాను. ఇకపై మొదటి వాక్యం అదే. జవాబు దాచడానికి మాత్రం ఒప్పుకోను. ఆ సమీకరణం పుస్తకంలో ఉంది. తలుపు వేసిన బాత్రూమ్ సంగతి అందులో లేదు.

ఇంటర్ విద్యార్థి:
నాన్న ముందు చేశాను. బుడగలు ఉధృతంగా వచ్చాయి, అగరుబత్తి కణకణలాడింది. యాసిడ్ జోలికి వెళ్లను. పొడి అలాగే మిగిలింది, చర్యని వేగం చేసే ఇలాంటి ఉత్ప్రేరకం అరగదంటారు కదా. బరువు తగ్గలేదని తేల్చాలంటే ఆరబెట్టి కిరాణా కాటా మీద తూస్తే సరిపోతుందా, మేడమ్?