అప్‌డేట్: దేవుని కడప రథోత్సవం లైవ్ – పేరు పట్టీలో విరిగిన వత్తులు కుదిరాయి

మొన్న ఇక్కడ మేం అడిగింది ఇదీ: ఓబీఎస్‌లో (లైవ్ ప్రసారానికి వాడే సాఫ్ట్‌వేర్) తెర కింది పేరు పట్టీ మీద 'లక్ష్మీ వేంకటేశ్వర' అని కొడితే క్ష్మీ, శ్వ విడివిడిగా పడుతున్నాయి, లోగో వెనక తెల్లడబ్బా వస్తోంది.

తప్పు ఫాంటుది కాదు. ఓబీఎస్‌లో అక్షరాలు చూపే ఫ్రీటైప్ 2 టెక్స్ట్ సోర్స్ వత్తులను కలపలేదు, ఏ ఫాంటు మార్చినా అంతే. ఇక్కడి అన్నలు చెప్పినట్టే పట్టీని చిన్న హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ) ఫైలుగా రాసి, ఓబీఎస్‌లో వెబ్ పేజీని చూపే బ్రౌజర్ సోర్స్‌లో పెడితే అక్షరాలు సరిగ్గా కూర్చున్నాయి. ఆ సోర్స్ మొదట 800×600 కొలతతో వస్తుంది. దాన్ని లాగి సాగదీస్తే మసకే, ప్రాపర్టీస్‌లోనే 1920×1080 ఇవ్వాలి. అందులో ముందే ఉన్న సీఎస్‌ఎస్ (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్) చెరిపేయకండి, పట్టీ వెనక వీడియో కనబడేలా చేసేది అదే.

ఇంగ్లిష్ టెంప్లేట్ల పట్టీ ఎత్తు మనకు చాలదు, కింది వత్తులు తెగుతాయి. 52 పిక్సెళ్ల అక్షరానికి లైన్ హైట్ (వరుస ఎత్తు) 1.6 రెట్లు పెట్టాక తెగడం ఆగింది. సన్న గీతల ఫాంటు మాత్రం వద్దు. రథం కదిలేటప్పుడు, జనం ఊగేటప్పుడు బిట్‌రేటు (సెకనుకు పంపే వీడియో డేటా) చాలక అలుక్కుపోతుంది. మందపాటి రామభద్ర ఫాంటు నిలిచింది.

లోగో సంగతి చిన్నదే: జేపీజీకి పారదర్శకత ఉండదు, వెనక తెలుపు తీసేసి పీఎన్‌జీగా సేవ్ చేస్తే డబ్బా పోయింది. తెర అంచుల్లో పక్కలకు 96, పైనాకిందా 54 పిక్సెళ్లు వదిలాం.